పాత గాయములు, క్రొత్త బెరడు



రబ్బరు తోటలో బ్రదికినవారికి గాయమన నేమో ఒకరు చెప్పనక్కరలేదు. తెల్లవారకమునుపే లేచి, దీపము తీసికొని, చెట్టునుండి చెట్టునకు నడచి, బెరడుమీద కత్తి నడిపి పాలు తీసిన చేతులు మనవి, లేనియెడల మన తలిదండ్రులవి. కత్తి ఎంత లోతు దిగవలెనో ఆ చేతులకు తెలియును. గాటు బెరడులోనే నిలిచినయెడల పాలు కారును. కొన్ని సంవత్సరములకు అచ్చటనే క్రొత్త బెరడు కట్టును. దానిమీద మరల కత్తి నడువవచ్చును. కత్తి జారి లోపలి కొయ్యను తాకినయెడల ఆ చోట బుడిపెలు లేచును. బెరడు నునుపుగా కట్టదు.

ఈ సంగతిని శోధించి లోకమునకు చూపినది మన సింగపూరులోనే. 1877వ సంవత్సరమున ఇంగ్లాండునుండి 22 రబ్బరు మొక్కలు ఇచ్చటికి తేబడెను. 1888లో ఇచ్చటి వృక్షవనమునకు అధికారిగా వచ్చిన హెన్రీ రిడ్లీ దొర, చెట్టును ఎక్కడబడిన నక్కడ నరుకక, ఒకే గాటు అంచునుండి పలుచని పెచ్చు తీయుచు వచ్చినయెడల చెట్టు చెడదనియు, బెరడు మరల కట్టుననియు కనుగొనెను. మలయా తోటలన్నియు ఆ పద్ధతిమీదనే నడిచినవి.

మనుష్యుని హృదయమునకు తగిలిన గాయము సంగతి ఏమి? మన తోటల కుటుంబములలో అట్టి గాయము లేని ఇల్లు అరుదు. కొందరికి అది తాతలనాటిది, కొందరికి నిన్నటిది. దానిని దాచవలెనా, మరువవలెనా, పిల్లలకు ఆస్తివలె అప్పగించవలెనా? క్రీస్తునందు విశ్వాసముంచినవారికి ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము కలదని నేను నమ్ముచున్నాను. దానిని కొంత మా నాయనమ్మవలనను, కొంత ఈ సింగపూరులో బాధపడినవారి చరిత్రవలనను నేర్చుకొంటిని. ఆ రెండును మీకు వ్రాయుచున్నాను.

మా తాతగారు విశాఖపట్టణపు జిల్లానుండి కంగాణివెంట మలయాకు వచ్చిరి. 1938లో హిందూదేశ ప్రభుత్వము కూలీలను మలయాకు పంపుట నిలిపివేసెను. ఆయన అంతకుముందే వచ్చి, జోహోరు సీమలో ఒక రబ్బరు తోటలో కుదిరి, అచ్చటనే కాపురము పెట్టిరి. 1942 ఫిబ్రవరి 15వ తేదీన సింగపూరు జపానువారి వశమాయెను. దొరలు లేరు, రబ్బరు కొనువారు లేరు, బియ్యము లేదు. కర్రపెండలము తిని, గోనెగుడ్డ కట్టుకొని గడపిన ఆ మూడున్నర సంవత్సరములనుగూర్చి మీ ఇండ్లలోని పెద్దలు చెప్పగా మీరును వినియుందురు.

అప్పుడు జపానువారు సయాముదేశమునుండి బర్మాకు 415 కిలోమీటర్ల పొడవుగల రైలుమార్గము వేయించిరి. 1942లో ఆరంభించి 1943 అక్టోబరులో రెండు కొనలను కలిపిరి. చెరపట్టబడిన సిపాయిలు 60,000 మందికి పైగా ఆ పనికి తోలబడిరి. మలయానుండి 70,000 మందికి పైగా కూలీలు కొనిపోబడిరి. వీరిలో అరవవారు ఎక్కువ. మన తెలుగువారును, మలాయివారును, చీనావారును ఉండిరి. అడవిలో ఎడతెగని వాన, చాలని తిండి, దెబ్బలు, వీటికితోడు 1943లో కలరా. సిపాయిలలో సుమారు 12,000 మంది చనిపోయిరి. కూలీలలో చనిపోయినవారు అంతకంటె చాల ఎక్కువ. పదులవేలమంది తిరిగి ఇల్లు చేరలేదు. కాంచనబురి పట్టణమున సిపాయిలకు సుమారు 7,000 సమాధులు వరుసగా నున్నవి. మా తాతగారివంటి వారికి పేరు చెక్కిన రాయి లేదు.

ఏ తోటనుండి ఎంతమందిని ఇయ్యవలెనో ఆజ్ఞ వచ్చెడిది. పేర్లు వ్రాసి ఇచ్చువారు తోట కిరాణీలును కంగాణులును. మా తాతగారి పేరు ఇచ్చినది మా లైన్లలోనే కాపురమున్న కంగాణి. 1943లో ఒక రాత్రి లారీ వచ్చెను. మూడు నెలల పనియేనని చెప్పి ఎక్కించిరి. మా తండ్రిగారికి అప్పుడు మూడేండ్లు. తాతగారు తిరిగి రాలేదు. ఎచ్చట, ఏ దినమున చనిపోయిరో మాకు వార్త చెప్పినవారు లేరు.

మా నాయనమ్మ ఇద్దరు పసిబిడ్డలతో మిగిలెను. యుద్ధము ముగిసెను, తోట మరల తెరువబడెను. కంగాణి కొద్దికాలములోనే జబ్బుచేసి చనిపోయెను. అతని భార్య మాత్రము అదే లైనులో, మా ఇంటికి నాలుగు గుమ్మములకు అవతల, బ్రదికియుండెను. ఇద్దరికి నీళ్లు తెచ్చుకొను చోటు ఒకటే, పని ఒకటే, మందిరము ఒకటే. అయినను 18 సంవత్సరములు ఆ స్త్రీలు ఒకరితో నొకరు మాటలాడలేదు.

మా నాయనమ్మ ప్రతి ఆదివారము మందిరమునకు పోయెడిది, కీర్తనలు పాడెడిది, కానుక వేసెడిది. ప్రభురాత్రి భోజనము ఇచ్చు దినమున మాత్రము లేచి వెలుపలికి పోయి చెట్టుక్రింద కూర్చుండెడిది. మనస్సులో విరోధముంచుకొనినవాడు మొదట సహోదరునితో సమాధానపడి పిమ్మట అర్పణ తేవలెనని ప్రభువు బోధించిన సంగతి ఆమె ఎరుగును. సమాధానపడుటకు ఆమెకు శక్తి లేదు. అబద్ధముగా బల్లయొద్దకు పోవుటకు మనస్సు లేదు. ఆ యథార్థతను తలంచినప్పుడెల్ల నేను ఆమెను మరింత గౌరవింతును.

మా తండ్రిగారు ఆ ఇంట పెరిగిరి. తన తండ్రినిగూర్చి ఆయన వినిన కథ చాల చిన్నది: కంగాణి పేరు వ్రాసెను, లారీ వచ్చెను, నాయన చచ్చిపోయెను. ఆ కథ తలంచినప్పుడెల్ల కోపము లేచును. కోపము చూపుటకు కంగాణి లేడు, జపానువాడు లేడు. ఎదుట ఉన్నది భార్యయు బిడ్డలును. సాయంకాలము కల్లుదుకాణమునుండి వచ్చి ఆయన చేయి ఎత్తిన దినములు నాకు బాగుగా జ్ఞాపకమున్నవి. 1943లో అడవిలో మా తాతగారి వీపుమీద పడిన కర్ర, 35 సంవత్సరముల తరువాత మా తల్లి వీపుమీద పడుచుండెను. గాయము మానకున్న అది అట్లే ఒక తరమునుండి మరియొక తరమునకు నడచును. సహోదరులారా, మన లైన్లలో ఈ సంగతి ఎరుగని ఇల్లు ఏది?

నేను పెరిగి సింగపూరునకు వచ్చి, బడిపంతులు పనిలో కుదిరి, ఆదివారములందు ఉపదేశిగా మీ మధ్య తిరుగుచు వచ్చితిని. మా తాతగారిని కొనిపోయిన ఆ 1943వ సంవత్సరముననే ఈ పట్టణములో జరిగిన సంగతులను చదివియు, ఆ చోట్లు చూచియు తెలిసికొంటిని. ముగ్గురి చరిత్ర ముఖ్యముగా నా మనస్సున నాటుకొనినది.

మొదటివాడు బిషప్పు లెనార్డు విల్సనుగారు. ఆయన 1941లో సింగపూరునకు బిషప్పుగా నియమింపబడెను. పట్టణము పడిన తరువాత ఆండ్రూ ఒగావా అను జపాను అధికారి, తానును క్రైస్తవుడగుటచేత, మందిరములు మూతపడకుండ సహాయముచేసి, బిషప్పుగారు ఒక సంవత్సరముపాటు వెలుపల తిరిగి సేవచేయుటకు వీలు కల్పించెను. శత్రుసైన్యములోను అట్టివాడుండెనని మనము మరువరాదు. 1943లో విల్సనుగారు చాంగీ చెరసాలలో నుంచబడెను.

ఆ సెప్టెంబరు మాసమున ఆస్ట్రేలియా, ఇంగ్లాండు సైనికులు కొందరు రహస్యముగా వచ్చి సింగపూరు రేవులో జపాను ఓడలను పేల్చిపోయిరి. చెరసాలలోనివారే వారికి వార్త పంపిరని జపాను సైనిక పోలీసులు, అనగా కెంపెతాయివారు, అనుమానించిరి. అది నిజము కాదు. అయినను అక్టోబరు 10వ తేదీన చెరసాలపై పడి సోదా చేసిరి. 57 మంది యాతనలకు లోనైరి. వారిలో 15 మంది చనిపోయిరి. ఆ యాతనపడినవారిలో బిషప్పుగారు ఒకరు. ఆయనను బల్లకు కట్టి, ఒకరి తరువాత ఒకరు వంతులవారిగా కొట్టిరి. నీ దేవుడు నిన్నేల రక్షింపడని అడిగిరి. బాధ తీసివేయుటవలన కాక, బాధ సహించు ఆత్మనిచ్చుటవలన దేవుడు నన్ను రక్షించుచున్నాడని ఆయన ప్రత్యుత్తరమిచ్చెను.

వారిని ద్వేషింపకుండ ఆయన ఎట్లు నిలిచెను? ఈ సంగతిని ఆయనయే 1946లో ఇంగ్లాండు రేడియోలో ప్రసంగించుచు వివరించెను. కొట్టువారి ముఖములు క్రూరముగా నుండెను. ఆయన ప్రార్థించుచు, ఆ మనుష్యులను ఒకప్పటి చిన్నబిడ్డలుగా, తలిదండ్రుల ప్రేమలో అన్నదమ్ములతోను అక్కచెల్లెండ్రతోను ఆడుకొను పసివారిగా, మనస్సున చూచెను. చిన్నబిడ్డలను ద్వేషించుట కష్టము. అంతటితో నిలువక, క్రీస్తువలన వారు ఎట్టివారు కాగలరో ఆ రూపమునను వారిని చూచెను. యుద్ధానంతరము ఆ హింసించినవారిలో ఒకడు క్రైస్తవుడు కాగా, అతని తలమీద చేతులుంచి సంఘమునకు చేర్చుకొను భాగ్యము విల్సనుగారికే కలిగెను.

విల్సనుగారికి పీఠమైన సెయింటు ఆండ్రూసు ప్రధానాలయమును మీలో పలువురు చూచియుందురు. 1856లో శంకుస్థాపనయై 1861లో ఆరాధన ఆరంభమైన ఆ తెల్లని మందిరమును కట్టినవారు హిందూదేశమునుండి శిక్షననుభవించుటకు తేబడిన ఖైదీలు. గోడలకు పూసినది మద్రాసు గచ్చు. సున్నములో కోడిగ్రుడ్ల తెల్లసొనయు బెల్లమువంటి ముతక చక్కెరయు కలిపి చేసినది. శిక్షపడినవాడని లోకము పేరుపెట్టిన మనుష్యుని చేతులే ఆ గోడలు లేపినవి. మనుష్యునిలో అతని నేరమును మాత్రమే చూచువానికి ఈ మందిరము ఒక ప్రత్యుత్తరము.

రెండవది ఎలిజబెతు చోయిగారు. ఆమె బోర్నియోలో పుట్టి మిషను బడిలో చదివి, సింగపూరులో బడిపంతులమ్మగా నుండెను. యుద్ధకాలమున ఆమెయు భర్తయు ఆసుపత్రిలో చిన్న ఫలహారశాల నడుపుచు, చాంగీ చెరసాలలోనివారికి తిండియు మందులును డబ్బును రహస్యముగా చేరవేసిరి. ముందు భర్తను పట్టుకొనిరి. ఆయనను వెదకుకొనుచు పోయిన ఆమెను 1943 నవంబరులో కెంపెతాయివారు నిర్బంధించిరి. సుమారు 200 దినములు, ఇరుకైన గదిలో పురుషుల మధ్య ఒంటరి స్త్రీగా నుంచి, విద్యుత్తుతోకూడ ఆమెను హింసించిరి. ఆమె ఎవరి పేరును బయటపెట్టలేదు.

యుద్ధము ముగిసిన పిమ్మట, హింసించినవారి పేర్లు చెప్పుము, వారికి మరణశిక్ష పడునని ఆమెను అడిగిరట. ఆమె ఒప్పుకొనలేదు. దుష్టమైనది యుద్ధము, అది లేనియెడల వారును తమ ఇండ్లలో భార్యాబిడ్డలతో బ్రదుకు సామాన్యులేయని ఆమె తలంపు. ఆమె బ్రదుకు ఆ గదిలో ఆగిపోలేదు. మరల బడికి పోయి పిల్లలకు పాఠములు చెప్పెను. 1951లో శాసనసభలో కూర్చుండెను. 1956లో గ్రుడ్డివారి పాఠశాలకు మొదటి ప్రధానోపాధ్యాయురాలాయెను. 2006లో, 95 సంవత్సరముల వయస్సున, కన్నుమూసెను. ఆమె చేతిక్రింద చదివిన పిల్లలకు ద్వేషమును పాఠముగా నేర్పలేదు. పంతులునైన నాకు ఇది గొప్ప బోధ.

మూడవవాడు స్టాన్లీ వారెను అను ఇంగ్లీషు సిపాయి. చాంగీలో చెరపట్టబడియున్న దినములలో, 1942లో, విరేచనములతో మంచముపట్టి ఆసుపత్రిగా మార్చబడిన సైనికగృహములో పడియుండెను. క్రిందియంతస్తులో ఒక గదిని ప్రార్థనాలయముగా చేసికొనిరి. దాని గోడలమీద చిత్రములు వ్రాయుమని ఆయనను అడిగిరి. నిలువ సత్తువ లేనివాడు, కొంచెము వ్రాసి కొంచెము పండుకొనుచు, తోటి చెరవారు దొంగచాటున తెచ్చిన రంగులతోను, బిలియర్డు ఆటకు వాడు నీలి సుద్దతోను, ప్రభువు జననము, రాత్రి భోజనము, సిలువ మొదలైన అయిదు చిత్రములను వ్రాసెను. సిలువ చిత్రమునకు ఆయన ఎన్నుకొనిన భావము, చంపుచున్నవారికొరకు ప్రభువు చేసిన క్షమాపణ ప్రార్థన. చెరవాడు, రోగి, రేపు బ్రదుకుదునో లేదో ఎరుగనివాడు, తన కావలివానికికూడ చోటున్న ప్రార్థనను గోడమీద వ్రాసెను!

తరువాత ఆ గది సామానుగదియై, గోడలకు సున్నము పూయబడి, చిత్రములు మరుగుపడెను. 1958లో అవి మరల బయలుపడెను. వారెనుగారు ఇంగ్లాండులో చిత్రలేఖనము నేర్పు పంతులుగా నుండెను. వచ్చి వాటిని బాగుచేయుమని పిలిచినప్పుడు, ఆ దినములను మరల తలంచుకొనుట దుర్భరమై మొదట వెనుదీసెను. కడకు 1963లో వచ్చెను. 1982లోను 1988లోను మరల వచ్చెను. క్షమాపణనుగూర్చి చిత్రము వ్రాసినవానికికూడ ఆ చోటికి తిరిగి వచ్చుటకు 20 సంవత్సరములు పట్టినదని మనము గమనింపవలెను. ఆ చిత్రముల ప్రతిరూపములు, 2021లో మరల తెరువబడిన చాంగీ ప్రార్థనాలయ ప్రదర్శనశాలలో నున్నవి. సింగపూరునకు వచ్చినప్పుడు మీ పిల్లలకు చూపుడి.

ఈ ముగ్గురి చరిత్రనుండి మనము నేర్చుకొనవలసినది నాకు ఇట్లు కనబడుచున్నది. ద్వేషము మనుష్యుని ఒక్క దినమునకు కుదించివేయును. కొట్టినవాడు కొట్టిన దినమున మాత్రమే మనకు కనబడును. చనిపోయినవాడు చనిపోయిన దినమున మాత్రమే కనబడును. మనకు మనమే దెబ్బతినిన దినముననే నిలిచిపోవుదుము. క్రీస్తు ప్రేమ ఆ కుదింపబడిన మనుష్యుని మరల సంపూర్ణునిగా మనకు చూపును. నూతన హృదయమనగా ఇదియేయని నా తలంపు.

ఇందులో రెండు సంగతులను తప్పుగా గ్రహింపరాదు. క్షమించుట మరచుట కాదు. మన ప్రభువు తిరిగి లేచిన పిమ్మటకూడ ఆయన చేతులలో మేకుల గురుతులుండెను. తోమాకు వాటిని చూపెను. గురుతులుండెను గాని వాటిలో పగ లేదు. సింగపూరు పట్టణమును మరువలేదు. ఆ కాలమున చంపబడిన ప్రజల జ్ఞాపకార్థము 1967 ఫిబ్రవరి 15వ తేదీన నాలుగు ఎత్తయిన స్తంభములు ప్రతిష్ఠించిరి. వాటిలో నొకటి హిందూదేశపువారికి గురుతు. ఏటేట ఆ తేదీన అచ్చట ప్రజలు చేరి మౌనముగా నిలుతురు.

క్షమించుట, తప్పును ఒప్పనుటయు కాదు. చాంగీలో జరిగిన హింసకుగాను 1946లో 21 మందిమీద విచారణ జరిగెను. 8 మందికి మరణశిక్ష విధింపబడెను. న్యాయస్థానము తన పని చేసెను. విల్సనుగారు తనకు జరిగినదానిని దాచలేదు, తగ్గించి చెప్పలేదు. సత్యము చెప్పుటయు ద్వేషింపకుండుటయు ఒక్క నోటనే ఇముడునని ఆయన చూపెను.

ఇప్పుడు మా నాయనమ్మ సంగతి ముగించెదను. 1961లో కంగాణి భార్య జబ్బుపడెను. కొడుకు పనికై పట్టణమునకు పోయియుండెను. ఇంట ఎవరును లేరు. "పాలు తీయుటకు పోవుచుండగా ఆ ఇంటినుండి మూలుగు వినబడెను. మూడు దినములు విని ఊరకుంటిని. నాలుగవ దినమున కాళ్లు ముందుకు సాగలేదు" అని మా నాయనమ్మ నాతో చెప్పెను. ఆ దినమున గంజి కాచి తీసికొనిపోయెను.

ముసలామె లేచి కూర్చుండి, గంజి ముట్టక, ఇట్లు చెప్పెను: "చెల్లీ, నీ మగని పేరు మా ఇంటనే వ్రాసినారు. పదిమందిని చూపకున్న నీ కొడుకునే లారీ ఎక్కింతుమన్నారు. వ్రాయునప్పుడు ఆయన చేయి వణకినది. దీపము పట్టినదానను నేనే."

మా నాయనమ్మ చాలసేపు మాటలాడలేదు. తరువాత, "అప్పా, గంజి చల్లారిపోవుచున్నది, త్రాగు" అని మాత్రము అనెను.

క్షమించితినని ఆ దినమున ఆమె చెప్పలేదు. చెప్పుటకు నోరు రాలేదు. కాని మరునాడు మరల గంజి తీసికొనిపోయెను, ఆ మరునాడును పోయెను. 18 సంవత్సరములు ఆమె ఆ కంగాణిని ఒక్క రాత్రిలోనే చూచుచు వచ్చినది. ఇప్పుడు చేయి వణకిన తండ్రియొకడు ఆమెకు కనబడెను. అతడు చేసినది న్యాయమని ఆమె ఎన్నడును అనలేదు. "నా మగడును ఒక కొడుకుకు తండ్రియే గదా, ఆయన బిడ్డకు ఎవరు జవాబు చెప్పుదురు?" అని కడవరకు అడుగుచునే యుండెను. అయినను తరువాతి సంస్కారపు ఆదివారమున, ఆ ముసలామెను రెక్కపట్టుకొని నడిపించుకొనుచు, తానును బల్లయొద్దకు పోయెను. చెట్టుక్రింది చోటు ఆనాటినుండి ఖాళీ.

ఇది మా తండ్రిగారికి నచ్చలేదు. తల్లి క్షమించిన మాత్రమున కొడుకు గాయము మానదు. ఎవరి గాయము వారిదే. ఆయన త్రాగుడు హెచ్చెనేగాని తగ్గలేదు. 1982లో ఒక సాయంకాలము, ఆయన త్రాగక ఇంటనున్న దినము చూచి, మా నాయనమ్మ ఆయనను ఎదుట కూర్చుండబెట్టుకొని, తాతగారు బ్రదికిన విధమంతయు చెప్పెను. ఆయనకు జలగలన్న భయమట. కాళ్లకు సున్నము పూసికొనక తోటలోనికి పోవువారు కారట. ఊరినుండి వచ్చిన ఉత్తరములను లైన్లవారందరికి చదివి పెట్టెడివారట. మా తండ్రిగారు పుట్టిన దినమున లైనంతటికి బెల్లము పంచి, రెండు నెలలు అప్పు తీర్చుకొనిరట. కొయ్యముక్కతో బండి చేసి, కొడుకును కూర్చుండబెట్టి, నీళ్లచోటువరకు లాగెడివారట.

మా తండ్రిగారు చాలసేపటికి, "నాకు నాయన చచ్చిన సంగతే తెలియును, బ్రదికిన సంగతి నేడు వింటిని" అనిరి. నాకు అప్పుడు పది పదకొండేండ్లు. తలుపుచాటున నిలిచి ఆ మాట వింటిని. ఆయన త్రాగుడు ఒక్క దినములో మానలేదు. రెండు మూడు మారులు మరల పడిరి. కాని ఆ సాయంకాలమునుండి ఆయన చేయి మామీద లేవలేదు. కొన్ని సంవత్సరములకు కల్లును పూర్తిగా విడిచిపెట్టి, మందిరములో పెద్దగా సేవచేసి, ప్రభువునందు నిద్రించిరి.

సహోదరీ సహోదరులారా, నేడు పలు తోటలు లేవు. రబ్బరు పోయి తాటినూనె చెట్లు వచ్చినవి. లైన్లు పోయి మేడలు వచ్చినవి. మనలో అనేకులు పట్టణముల చిన్న ఇండ్లలో నున్నారు. గాయములు మాత్రము మన మూటలతోకూడ వచ్చినవి. కాబట్టి మీకు కొన్ని మాటలు మనవి చేయుచున్నాను.

మీ పెద్దల కథను మీ పిల్లలకు చెప్పుడి. వారు ఎట్లు చనిపోయిరో మాత్రమే కాక, ఎట్లు బ్రదికిరో, ఏమి తినిరో, దేనికి నవ్విరో, ఏ పాట పాడిరో చెప్పుడి. పేర్లు చెప్పుడి, రాయిలేనివారికి మన నోరే రాయి.

మీకు కీడుచేసినవానిని మనస్సునకు తెచ్చుకొనునప్పుడు, వాడును ఒక తల్లి ఒడిలో పెరిగినవాడని ఒక్కమారు తలంచుడి. వెంటనే ప్రేమ పుట్టదు. విల్సనుగారికి అది బల్లమీద ప్రార్థనలో వచ్చెను. మా నాయనమ్మకు 18 సంవత్సరములు పట్టెను. ఆలస్యమైనదని ఎవరిని గద్దింపకుడి. ఎన్ని మారులు క్షమింపవలెనని పేతురు అడిగినప్పుడు ప్రభువు ఇచ్చిన లెక్క చాల పెద్దది. ఒకే గాయమును మనము అన్నిమారులు క్షమింపవలసివచ్చునని నేను ఆ లెక్కను గ్రహించుచున్నాను.

నోటమాట రానియెడల గంజితో మొదలుపెట్టుడి. మీరు గడప త్రొక్కని ఇల్లొకటి ఉన్నయెడల, అచ్చట జబ్బుచేసిన దినమున పోవుడి.

నేడు దెబ్బలు తినుచున్న సహోదరీ, నీకు వేరుగా చెప్పుచున్నాను. ఓర్చుకొని దాచుటను క్షమాపణయని ఎవరు చెప్పినను నమ్మకుము. దెబ్బ పడుచుండగా బెరడు కట్టదు. ముందు కత్తిని ఆపవలెను. సంఘపెద్దలకు, అక్కచెల్లెండ్రకు, అవసరమైన పోలీసువారికి చెప్పి, నిన్నును నీ బిడ్డలను కాపాడుకొనుము. త్రాగి చేయెత్తు సహోదరుడా, నీ గాయము నిజమైనదే. నీ బిడ్డ దానిని చేయలేదు. దానిని ప్రభువునొద్దకు తెమ్ము, ఇంటికి తీసికొనిపోకుము.

గాయపడిన చేతులతోనే మనలను పిలుచుచున్న ప్రభువు మీ ఇండ్లలో పాత కోపమును నిలిపి, క్రొత్త హృదయములను పుట్టించును గాక. మీ తాతలు పొందిన దెబ్బ మీ మనుమలవరకు పోకుండును గాక. ఆమేన్.